న్యాయపీఠము కల్పించిన చదువరి

పుస్తకములను గూర్చి న్యాయస్థానము లిచ్చిన తీర్పులను వరుసగాఁ జదివినవారి కొక విచిత్రము గోచరించును. ఆ తీర్పులలో గ్రంథకర్త కనఁబడును, ముద్రాపకుఁడు కనఁబడును, పుస్తకముల నమ్మినవాఁడు బోనులో నిలువఁబడును, పోలీసువారు సాక్ష్యమిత్తురు, పండితులు వచ్చి యది సాహిత్యమో కాదో వాదింతురు. కాని యెవని మేలుకొఱకై యీ యభియోగమంతయు నడచుచున్నదో యా చదువరి మాత్రము సాక్షిగాఁ బిలువఁబడఁడు. అతని స్వభావమును, వయస్సును, బుద్ధిబలమును న్యాయమూర్తియే తన మనస్సులోఁ గల్పించుకొని, యా కల్పితవ్యక్తి యీ గ్రంథమును జదివినచోఁ జెడునా, చెడఁడా యని నిర్ణయించును. రంగస్థలముపైకి రాని పాత్ర యొకటి నాటకమునంతయు నడపినట్లు, ఈ తీర్పుల నడపినది యా కనఁబడని చదువరియే.

వాక్స్వాతంత్ర్యమునకు మేర లేర్పఱచునది శాసనమని మనము సామాన్యముగాఁ దలంతుము. కాని 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతి యశ్లీలగ్రంథముల విక్రయమును నేరముగాఁ జేసెనే గాని, యశ్లీల మనఁగా నేమో చెప్పలేదు. 1969లో శాసనమును సవరించువఱకు నా మాట కర్థము చెప్పు భారము జడ్జీలమీఁదనే పడెను. వారు చెప్పిన యర్థమే మేర యయ్యెను. కావున నా తీర్పులను గద్యరచనలుగాఁ జదివి, వానిలోని ముఖ్యపాత్ర చక్కఁగాఁ జిత్రింపఁబడినదో లేదో విచారించుట సాహిత్యపత్రికకుఁ దగని పని కాదని నా యభిప్రాయము.

ఈ పాత్రకు జన్మస్థానము ఇంగ్లండు. 1868లో హిక్లిన్ కేసని ప్రసిద్ధి కెక్కిన వ్యవహారమున నిది పుట్టెను. వుల్వర్‌హాంప్టన్ పట్టణమునందలి లోహవ్యాపారి యొకఁడు, రోమను కాథలిక్కు గురువులు భక్తురాండ్రచేఁ బాపములు చెప్పించుకొను నాచారమును దూషించుచు వ్రాయఁబడిన చిన్నపుస్తకమును గొన్నవెలకే యమ్ముచుండెను. స్థానికన్యాయాధికారులు 252 ప్రతులను బట్టుకొని, వానిని నాశనము చేయుఁడని యాజ్ఞాపించిరి. అప్పీలులో హిక్లిన్ అను నధికారి, యమ్మినవాని యుద్దేశము మతవిమర్శయే గాని జనులను జెఱచుట కాదని యా యాజ్ఞను గొట్టివేసెను. పైకోర్టులోఁ బ్రధానన్యాయమూర్తి కాక్‌బర్న్ దానిని దిరుగఁద్రోసెను. ఉద్దేశ మెట్టిదైనను సరే; దుష్ప్రభావములకు లొంగు మనస్సు గలవారి చేతఁ బడినచో వారిని జెఱుచు స్వభావ మా వ్రాతకున్నదా యనునదియే పరీక్ష యని యాయన సిద్ధాంతము.

ఈ ప్రసిద్ధపరీక్షకు మొదట బలియైనది జారకథ కాదు. ఒక మతాచారమును ఖండించిన కరపత్రము. ఆ కరపత్రమున మతద్వేషము లేకపోలేదు. అయినను ఆచారవిమర్శకు గడంగినవా రెల్లరు నీ సంగతిని జ్ఞాపకముంచుకొనవలసియున్నది. ఆచారములోని దోషమును జూపవలెనన్న నా దోషమును వర్ణింపక తీఱదు. వర్ణించినచో నది దుర్బలుని చెవిని బడవచ్చును. ఇంటిలో నొకనికి జ్వరము వచ్చెనని పదిమందికిని బథ్యపుఁగూడే వడ్డించినట్లు, ఎవనికో కలదని యూహింపఁబడిన మనోదౌర్బల్యమునుబట్టి సర్వజనులకును జదువఁదగిన దేదో నిర్ణయింపఁబడెను.

ఆ పరీక్షయే నౌక యెక్కి మన దేశమునకు వచ్చెను. దాని ఫలమెట్టిదో తెలుఁగువారికిఁ దెలుపుటకు రాధికాసాంత్వనము కథ చాలును. తంజావూరు ప్రతాపసింహమహారాజు కాలమున ముద్దుపళని రచించిన యీ శృంగారప్రబంధమును బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరింపఁగా 1910లో వావిళ్లవారు ప్రకటించిరి. మఱుసటి యేఁడే దొరతనమువా రశ్లీలమని ప్రతులను బట్టుకొనిరి. 1947లోఁ బ్రకాశము పంతులుగారు ప్రధానిగా నుండి నిషేధము నెత్తివేయించువఱకు నా కావ్యము దోషిగానే యుండవలసివచ్చెను.

ఈ పాపములో మనవారి పాలును గొంత గలదు. దానిని దాఁచుట ధర్మము గాదు. వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రములో నీ గ్రంథమునందలి కొన్ని భాగములు స్త్రీలు వినఁదగనివని నిందించియుండిరి. విమర్శకులుగా నట్లు చెప్పుటకు వారికి సంపూర్ణాధికారము కలదు. పురుషులు వ్రాసిన యింతకంటె ఘాటైన శృంగారమును దప్పుపట్టని లోకము స్త్రీ వ్రాసినదానినే నిందించుట యేమి న్యాయమని నాగరత్నమ్మగారు పీఠికలో నడిగిరి. విమర్శకుఁ బ్రతివిమర్శ వచ్చెను. సాహిత్యలోకమున జరుగవలసిన దదియే. కాని పోలీసువా రా వాదములోఁ బ్రవేశించినతోడనే వాదము నిలిచిపోయెను. చదువరులకుఁ బుస్తకమే దొరకనప్పుడు పంతులుగారి పక్షము సరియైనదో నాగరత్నమ్మగారి పక్షము సరియైనదో తేల్చుకొనుట యెట్లు? స్త్రీల చెవులను గాపాడుటకై నిషేధింపఁబడిన గ్రంథమును వ్రాసినది స్త్రీ, పరిష్కరించినది స్త్రీ. కాక్‌బర్న్ పరీక్షలో స్త్రీకి దుర్బలురాలైన చదువరిగాఁ జోటు కలదు గాని, కావ్యకర్త్రిగాఁ జోటు లేదు.

స్వరాజ్యము వచ్చెను. రాజ్యాంగము 19వ యధికరణమున వాక్స్వాతంత్ర్యము నిచ్చి, మర్యాద నీతుల నిమిత్తము యుక్తమైన నిర్బంధములు విధింపవచ్చునని చెప్పెను. ఇఁక నా యాంగ్లేయ చదువరికి సెలవిత్తురని యాశించినవారికి 1964లో నాశాభంగమయ్యెను. బొంబాయిలోని పుస్తకాల దుకాణమొకదానిలో 1959 డిసెంబరున డి. హెచ్. లారెన్సు రచించిన లేడీ చాటర్లీస్ లవర్ అను నవల సంపూర్ణప్రతి యమ్ముడువోయెను. భాగస్వాములపైఁ గేసు నడచెను. శిక్ష యిరువది రూపాయల జుల్మానా. చెల్లింపనిచో వారము దినముల కైదు. ఈ యిరువది రూపాయల వ్యవహారము సుప్రీంకోర్టున నైదుగురు న్యాయమూర్తుల పీఠము నెదుటికి వచ్చెను. రంజిత్ ఉదేశీ కేసనఁబడునది యిదియే. తీర్పు వ్రాసినది జస్టిస్ హిదాయతుల్లా. జుల్మానా చిన్నదే గాని, యా తీర్పు దాదాపేఁబది సంవత్సరములు దేశమునందలి పుస్తకముల తలలపై నిలిచెను.

హిదాయతుల్లాగారు సాహిత్యాభిరుచి గలవారు. తీర్పు చదివినవారి కాయన నవలను శ్రద్ధగాఁ జదివెనని స్పష్టమగును. నగ్నతయు స్త్రీపురుష సంబంధమును వర్ణించినంతమాత్రమున గ్రంథ మశ్లీలము కాదని యాయనయే చెప్పిరి. అయినను హిక్లిన్ పరీక్షను విడిచిపెట్టలేదు. కళయు నశ్లీలతయుఁ గలసియున్నచోట, అశ్లీలతను నీడలోఁ ద్రోసివేయునంతగాఁ గళ పైకి రావలెనని సూత్రము చేసిరి. నా యాక్షేప మిక్కడనే. ఇది తూనికరాళ్ల విమర్శ. ఒక సిబ్బెలోఁ గళను, రెండవ సిబ్బెలో నశ్లీలతను బెట్టి తూఁచుటకు నవల పప్పుబియ్యము గాదు. లారెన్సు నవలలో దేహసంబంధమే విషయము. బొగ్గుగనుల యంత్రనాగరికతకుఁ బ్రత్యుత్తరముగా నాతఁడు చెప్పఁదలఁచినదే యది. దానిని దీసివేసినచోఁ గళ మిగులదు. ముల్క్ రాజ్ ఆనంద్ గారు బోనెక్కి యా నవల గొప్పతనమును వివరించిరి. కాని యది యశ్లీలమో కాదో నిర్ణయించుట పండితుల పని కాదు, కోర్టు పనియే యని తీర్పు చెప్పెను.

తీర్పులోని మఱియొక యంశము సాహిత్యపండితులు గమనింపలేదు గాని పుస్తకవిక్రేతలు బాగుగా గమనించిరి. గ్రంథ మశ్లీలమని యమ్మినవానికిఁ దెలిసియుండవలె నను నియమము లేదని న్యాయస్థానము నిర్ణయించెను. అనఁగా దుకాణములోని ప్రతిపుస్తకమును యజమాని ముందుగాఁ జదివి, జడ్జివలె నాలోచించి, యప్పు డమ్మవలెను. ఏ దుకాణదారునికి నింత తీఱిక యుండును? అతఁడు చేయునది సులభమైన పని: అనుమానము తోఁచిన పుస్తకమును దెప్పించుకొనకుండుట. ఏ తీర్పునకును నెక్కని, యే లెక్కకును రాని నిషేధ మిది.

ఆ కేసు బొంబాయిలో సాగుచుండఁగానే 1960లో లండనులో నదే నవలపై నభియోగము నడచెను. అచట 1959లోఁ గ్రొత్త శాసనము వచ్చియుండెను. గ్రంథమును మొత్తముగాఁ జూడవలెనని, సాహిత్యప్రయోజనమును గూర్చి సాక్ష్యము వినవలెనని యది విధించెను. ప్రభుత్వపక్షపు న్యాయవాది జ్యూరీవారిని జూచి, మీ భార్యలుగాని మీ సేవకులుగాని యీ పుస్తకమును జదువవలెనని మీరు కోరుదురా యని యడిగెను. ఆ జ్యూరీలో మువ్వురు స్త్రీలు కూర్చుండియే యుండిరి! దుర్బల చదువరి యెవరో, ఆ పరీక్షను బుట్టించిన వర్గమువా రెవరిని మనస్సులో నుంచుకొనిరో యా యొక్క ప్రశ్నలో బయటఁబడెను. ఇంటి యజమాని చదివిన భయము లేదు. ఆయన భార్య చదివిన భయము. జ్యూరీ ప్రకాశకులను నిర్దోషులని విడిచిపెట్టెను. నాలుగేండ్ల తరువాత మన సుప్రీంకోర్టు ఇంగ్లండువారే యవల పెట్టిన చదువరిని మరల నిలిపెను.

తరువాతి మార్పులో మొదటి యడుగు వేసినవారిలోఁ దెలుఁగువా రొకరుండుట మనకు సంతోషము. అంతకుముం దాంధ్రప్రదేశ హైకోర్టు ప్రధానన్యాయమూర్తిగా నుండిన పింగళి జగన్మోహనరెడ్డిగారు సుప్రీంకోర్టునకు వెళ్లిన 1969లోనే, యొక మరాఠీ దీపావళిసంచికలోని కథపై వచ్చిన కేసులో రచయితను విడుదల చేయుచుఁ దీర్పు వ్రాసిరి. స్త్రీపురుష ప్రస్తావన వచ్చినదల్ల నశ్లీలమైనచో మతగ్రంథములు తప్ప మఱేవియు నమ్మరాదని యా తీర్పులోని యభిప్రాయము. అదే సంవత్సరమున శాసనమును సవరించి, గ్రంథమును మొత్తముగాఁ జూడవలెననియు, దానిని జదువుట కవకాశముగల వారినే లెక్కించవలెననియుఁ జేర్చిరి; సాహిత్య శాస్త్ర కళాప్రయోజనములు గల ప్రకటనల కొక మినహాయింపును గల్పించిరి.

వీని నన్నింటిని మించి, విమర్శగాఁ జదువఁదగిన తీర్పు 1985 నాఁటిది. సమరేశ్ బసు రచించిన ప్రజాపతి యను వంగనవల 1967లో దేశ్ పత్రిక శారదీయసంచికలో వెలువడెను. మరుసటి సంవత్సర మొక న్యాయవాది ఫిర్యాదు చేసెను. మేజిస్ట్రేటు శిక్షించెను, కలకత్తా హైకోర్టు సమర్థించెను, బుద్ధదేవ బసువంటి మహాకవి సాక్ష్యము వృథా యయ్యెను. సుప్రీంకోర్టులో జస్టిస్ అమరేంద్రనాథ సేను న్యాయమూర్తి చదువవలసిన పద్ధతిని జెప్పిరి: మొదట రచయిత స్థానమున నిలిచి యాతఁ డేమి చెప్పఁదలఁచెనో, దానిలో సాహిత్యవిలువ యేమో గ్రహింపవలెను, పిమ్మట ననేక వయస్సుల చదువరుల స్థానమున నిలిచి వారి మనస్సులపై నది యెట్లు పనిచేయునో యూహింపవలెను, ఆ తరువాత మాత్రమే న్యాయమూర్తిగాఁ దీర్పు చెప్పవలెను. మోటుఁదనము వేఱు, అశ్లీలము వేఱు అనియు విడఁదీసిరి. మోటుమాట రోఁతను బుట్టింపవచ్చును గాని మనస్సును జెఱుపదు. ఇంత చక్కఁగా జదువుట యెట్లో నేర్పినది మన విమర్శగ్రంథములలోనే యరుదు.

కాని ఫిర్యాదు 1968లో, విముక్తి 1985లో! పదునేడేండ్లు. నవలలోని చెడ్డ యువకుఁడు మధ్యవయస్కుఁ డగునంత కాలము. గెలిచిన రచయిత కిది గెలుపా? కోర్టుతీర్పు వాక్కునకు మేర యేర్పఱచునప్పుడు తీర్పులోని మాటలనే చూచుట చాలదు. తీర్పునకుఁ బట్టిన కాలమును గూడఁ జూడవలెను. ఎవఁడైనను ఫిర్యాదు చేయవచ్చును, ఎచటనైనను జేయవచ్చును, దాని నెదిరించుటకు మాత్ర మొక జీవితము పట్టుననఁగా, నిర్దోషినని తేలినవాఁడును శిక్ష యనుభవించినవాఁడే.

2014లో నవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు హిక్లిన్ పరీక్షను స్పష్టముగాఁ ద్రోసివేసెను. బోరిస్ బెకర్ అను టెన్నిసు క్రీడాకారుని, యాతఁడు పెండ్లాడఁబోవు నల్లని స్త్రీని గలిపి తీసిన నగ్నచిత్రమును, వర్ణద్వేషమును నిరసించుటకై ప్రకటింపఁబడిన దానిని, మన పత్రికలు పునర్ముద్రించినందులకు వచ్చిన కేసది. ఇఁకమీఁద దుర్బలుని గాక సమకాలిక సమాజప్రమాణమును జూడవలెనని జస్టిస్ రాధాకృష్ణన్ వ్రాసిరి. పలువురు దీనిని గొప్పవిజయముగాఁ గొనియాడిరి. నాకు మాత్ర మా సంతోషము సగమే. దుర్బలవ్యక్తి పోయి సమాజము వచ్చెను; కాని యా సమాజ మెవరిది? అగ్రహారమా, పేటయా, పట్టణమా? సంస్కర్త వ్రాయునదే సమాజప్రమాణమునకు విరుద్ధముగా. వితంతువివాహమును సమర్థించిన మొదటి వ్యాసమును నాఁటి రాజమహేంద్రవరపు సమాజప్రమాణముచేఁ గొలిచియుండినచో నేమి మిగిలియుండును?

ఈ సందేహము వట్టిది కాదని రెండు తీర్పులు చూపుచున్నవి. 2015లో గాంధీమహాత్మునిఁ బాత్రగాఁ జేసిన మరాఠీ కవితపై వచ్చిన కేసులో, చరిత్రప్రసిద్ధులైన పూజ్యుల నోట నశ్లీలమైన మాటలు పెట్టినచో సమాజప్రమాణ మింకను గట్టిగాఁ బనిచేయునని సుప్రీంకోర్టు నిర్ణయించి, కవిని విచారణకుఁ బంపెను. అనఁగాఁ బేరునుబట్టి కొలబద్ద మాఱును. ఆ మరుసటి యేఁడు మద్రాసు హైకోర్టు నెదుటికి వచ్చినది తమిళరచయిత పెరుమాళ్ మురుగన్ కథ. సంతానము లేని దంపతులను, దేవాలయోత్సవమునందలి పూర్వాచారము నొకదానిని విషయముగాఁ గొని 2010లో నాయన వ్రాసిన మాదొరుబాగన్ అను నవలపై, నాలుగేండ్ల తరువాతఁ దిరుచెంగోడులో నలజడి లేచెను. 2015 జనవరిలో నామక్కల్లున నధికారులు శాంతిసభ యను పేరఁ జేర్చి యాయనచే క్షమాపణపత్రము వ్రాయించిరి. రచయిత పెరుమాళ్ మురుగన్ మరణించెనని యాయనయే ప్రకటించుకొనెను. ఇచట నూరంతయు నొక్కటియై మాకు రోఁత కలిగినదనుచున్నది గదా! సమాజప్రమాణము ననుసరించినచో రచయిత యోడవలసినదే.

హైకోర్టు ప్రధానన్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్ గారును జస్టిస్ పుష్పా సత్యనారాయణ గారును 2016 జూలై 5న నా యొప్పందము చెల్లదని చెప్పి, నవలను నిలిపిరి. ఎట్లు నిలిపిరి? చదువరికి స్వబుద్ధి నిచ్చి. ఇష్టములేనివాఁడు చదువనక్కఱలేదు, పుస్తకమును మూసి యవల పెట్టవచ్చును. చదువుటయో మానుటయో చదువరి చేతిలోనే యున్నదని తీర్పు చెప్పుచున్నది. కాక్‌బర్న్ పరీక్షలోని చదువరి చేతిలోఁ బుస్తకము పడును. ఈ తీర్పులోని చదువరి దానిని దీసికొనును. ఈ చిన్న భేదములోనే విషయమంతయు నున్నది. తీర్పు చివర రచయిత తిరిగి లేచి తన పనియగు వ్రాఁతకుఁ బూనుకొనవలెనని కోరిరి. ఆయన వ్రాయుచున్నారు కూడ.

ఇంతకు మన న్యాయస్థానములకు బలవంతుఁడైన చదువరి క్రొత్త కాదు. స్వాతంత్ర్యమునకుఁ బూర్వమే నాగపూరు హైకోర్టులో జస్టిస్ వివియన్ బోసు ఒక పత్రికాభియోగములో, మాటల ఫలమును వివేకవంతులు, దృఢచిత్తులు, ధైర్యశాలురు నగు మనుష్యుల ప్రమాణముచేఁ గొలువవలెను గాని, ప్రతి విరుద్ధాభిప్రాయములోను నపాయమునే వాసన పట్టు చపలచిత్తుల ప్రమాణముచేఁ గాదని వ్రాసెను. 1988లో, దేశవిభజన కాలపు మతకలహములను జూపిన తమస్ ధారావాహికను నిలుపుమని వచ్చిన ప్రార్థనను సుప్రీంకోర్టు తిరస్కరించుచు నా మాటలనే యాధారముగాఁ గైకొనెను. 2025 మార్చి 28న, ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ప్రకటించిన యొక యుర్దూ కవితపై జామ్‌నగర్ పోలీసులు నమోదు చేసిన కేసును గొట్టివేయుచు జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్ గార్లును నా దృఢచిత్తునే పిలిచిరి. వ్రాఁత జడ్జీలకే రుచింపకపోయినను దానిని గాపాడవలసినదే యనిరి.

ఇప్పుడు చదువరులు నా కష్టమును గ్రహింతురు గాక. కలహమును, రక్తపాతమును జూడఁగల ధైర్య మున్నదని న్యాయస్థానము నమ్మిన యీ పౌరుఁడే, ప్రేమకథ చదువఁబోవునప్పటికి నేల పసిబాలుఁ డగును? ఒకే మనుష్యుఁడు రాజకీయవ్యాసము నెదుట వీరుఁడును, నవల నెదుట రోగియు నెట్లగును? ఈ ద్వంద్వమునకు న్యాయశాస్త్రములోఁ గారణము నాకుఁ గనఁబడలేదు. కారణము మన యిండ్లలో నున్నదని తోఁచుచున్నది. వార్తాపత్రిక చదువరి యనఁగానే న్యాయమూర్తుల మనస్సునఁ బురుషుఁడు మెదలెను. నవల చదువరి యనఁగానే పడకటింటి తలుపువెనుకఁ గూర్చున్న కోడలో, కాలేజీ బాలికయో మెదలెను. ఆ కోడలి బుద్ధిని మన మెంత నమ్మితిమో, న్యాయస్థానమును నంతే నమ్మెను.

2024 మార్చిలో నీ నమ్మకము కొంత పెరిగిన జాడ కనఁబడినది. కాలేజీ రొమాన్సు అను ధారావాహికలోని బూతుమాటలపై నభియోగము నడచుటకు ఢిల్లీ హైకోర్టు అనుమతించెను. ఆ మాటలను గదిలోని యితరులకు వినఁబడకుండఁ జెవులకు యంత్రము తగిలించుకొని వినవలసివచ్చెనని యా తీర్పులోఁ గలదు. జస్టిస్ బోపన్న గారితోఁ గూడి పీఠముపై నుండి, మన హైదరాబాదువారైన జస్టిస్ పి. ఎస్. నరసింహగారు దానిని గొట్టివేసిరి. కోర్టుహాలులో వినఁదగనిదల్ల నశ్లీలము కాదనియు, బూతు రోఁత పుట్టించుట వేఱు కామము పుట్టించుట వేఱనియు వ్రాసిరి. సమరేశ్ బసు కేసునాఁటి విభజనమే మరల వచ్చినది.

2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయసంహిత వచ్చినది. 292వ సెక్షను 294 అయినది. చెఱుచుట, పాడుచేయుట యను పాతమాటలు మాత్రము కదలలేదు. మేజిస్ట్రేటు కచ్చేరీలో ఫిర్యాదు వేయుట నాఁటివలెనే సులభము. సుప్రీంకోర్టు నేర్పిన చదువు క్రిందికోర్టులకుఁ జేరులోపలఁ బుస్తకము దుకాణము నుండి తీసివేయఁబడును.

ఉదేశీ కేసుకాగితములలో నొక్క సంగతి నాకు మఱపునకు రాదు. ఆ దుకాణములో నవలను గొన్న మనుష్యుఁ డొకఁడు సాక్ష్యమున కనఁబడుచున్నాఁడు. వెల చెల్లించి ప్రతి చేతఁ బుచ్చుకొన్నవాఁ డాతఁడే. ఆతఁడు పోలీసులు పంపిన బూటకపుఁ గొనుగోలుదారుఁడు.